పాత టోపో పటాల్లో పల్లె గతం: గీసినదీ, గీయనిదీ

నేల ఎత్తుపల్లాలను, కట్టడాలను చూపే పాత స్థలాకృతి (టోపోగ్రాఫిక్, క్లుప్తంగా ‘టోపో’) పటం మీద ఒక మట్టిదారి పక్కన ఆవగింజంత నల్ల చదరం కనిపిస్తుంది. దానికి కాస్త ఎగువన మరో చదరం, దాని నెత్తిన చిన్న జెండా. మలుపు దాటాక సిలువ గుర్తుతో ఇంకొకటి, పల్లంలో వాగు ఒడ్డున మరొకటి, దాని పక్కన ‘మిల్లు’ అన్న మాట. అమెరికా పటాల సంప్రదాయంలో ఉత్త చదరం ఇల్లు, జెండా ఉన్నది బడి, సిలువ ఉన్నది చర్చి. అదే చోటును ఇప్పటి ఉపగ్రహ చిత్రంలో వెతికితే దట్టమైన అడవి తప్ప మరేమీ కనిపించని సందర్భాలు కోకొల్లలు. బడి రికార్డులు దొరకవు, అక్కడ పుట్టినవారు ఎక్కడెక్కడో స్థిరపడ్డారు, మిగిలినదల్లా ఆ నాలుగు చుక్కలే. పల్లె చరిత్ర రాయదలచినవారికి టోపో పటం అక్కరకు వచ్చేది సరిగ్గా ఇలాంటి చోటనే. అయితే ఆ చుక్కలను ఊరి ఫొటోగా భావించడంతోనే తప్పుల పరంపర మొదలవుతుంది. ఫలానా కాలంలో ఫలానా సర్వేయరు, పైవారు గీయమన్నవాటిలో తన కంటపడినవాటిని ఎలా గీశాడన్నదే పటం చెప్పే సంగతి. ఊరి కథను అందులోంచి రాబట్టాలంటే ముందుగా ఆ గీత వెనుక ఉన్న నియమాలు తెలియాలి.

ఈ పటాలేవీ పల్లెల చరిత్ర కోసం పుట్టినవి కావు. స్కాట్లండులో స్టువర్ట్ రాజవంశాన్ని మళ్లీ గద్దెనెక్కించడానికి 1745లో లేచిన జాకొబైట్ తిరుగుబాటు తరువాత సైన్యానికి కొండదారులు తెలియవలసి రావడంతో విలియం రాయ్ 1747 నుంచి 1755 వరకు అక్కడ సైనిక సర్వే నడిపించాడు. బ్రిటన్‌లో ఆర్డ్‌నెన్స్ సర్వే ప్రారంభమైందని చెప్పుకునే 1791 సంవత్సరానికి ఆ పని తొలి మెట్టు. ‘ఆర్డ్‌నెన్స్’ అంటే ఫిరంగులు, మందుగుండు సామగ్రి అని గుర్తు చేసుకుంటే ఆ సంస్థ పుట్టుక ఏమిటో పేరులోనే తెలుస్తుంది. భారతదేశంలో సర్వే ఆఫ్ ఇండియా 1767లో ఈస్టిండియా కంపెనీ అవసరాల కోసం మొదలైంది. ఐర్లండులో 1824లో ప్రారంభమైన ఆరంగుళాల సర్వే (నేల మీది మైలుకు పటం మీద ఆరంగుళాలు) భూమి విలువ కట్టి పన్ను నిర్ణయించడానికి ఉద్దేశించినది. అమెరికాలో 1879లో ఏర్పడిన భూగర్భ సర్వే సంస్థ 1884 నుంచి దేశమంతటికీ క్రమపద్ధతిలో టోపో పటాలు తయారు చేయడం మొదలుపెట్టింది. ఖనిజాలను, నేలను గుర్తించే పనికి అడుగున పరచడానికి ఒక పటం కావాలన్నది అందుకు ముఖ్య కారణం. ఉద్దేశం వేరు కావడం చరిత్రకారుడికి ఒక రకంగా మేలే. ఊరి గొప్ప చాటడానికో, ఒక కుటుంబాన్ని మెప్పించడానికో గీసిన పటం కాదు కాబట్టి, జమీందారు భవనానికీ వాగు ఒడ్డున ఉన్న పిండిమరకూ అందులో ఇంచుమించు ఒకే పరిమాణపు గుర్తు దక్కుతుంది.

షీటును చేతిలోకి తీసుకున్నప్పుడు ముందుగా చూడవలసినది మధ్యలో ఉన్న ఊరిని కాదు, అంచున ఉన్న చిన్న అక్షరాలను. కొలిచిన సంవత్సరం, కూర్పు సంవత్సరం, ముద్రించిన సంవత్సరం వేరువేరు. అమెరికా షీటు మీద ‘1890–91లో సర్వే చేసినది, 1893 కూర్పు, 1932 పునర్ముద్రణ’ అన్న తరహాలో మూడు కాలాలు పక్కపక్కనే ఉండవచ్చు. ముద్రణ సంవత్సరాన్ని పట్టుకుని 1932లో ఆ బడి నడుస్తూ ఉండేదని రాసేస్తే నలభై ఏళ్ల తప్పు చరిత్రలోకి ఎక్కుతుంది. స్థానిక చరిత్రలలో ఎదురయ్యే పొరపాట్లలో అన్నిటికన్నా సులువుగా తప్పించుకోగలిగినదీ, అన్నిటికన్నా తరచుగా జరిగేదీ ఇదే. బ్రిటిష్ ఒకంగుళం పటాల్లో ఇంకా సూక్ష్మమైన ఉచ్చు ఉంది. చెక్కిన రాగి పలకను పూర్తిగా సవరించడం ఖర్చుతో కూడిన పని కాబట్టి, పాత పలకకే కొత్తగా వేసిన రైలు మార్గాలను మాత్రం జోడించి, ‘రైల్వేలు ఫలానా సంవత్సరం వరకు చేర్చబడినవి’ అని అడుగున రాసి ముద్రించేవారు. అలాంటి షీటులో రైలు మార్గం ఒక తరానిది, దాని పక్కన ఉన్న ఊరు అంతకు ముందు తరానిది. రైలు వచ్చినా ఊరు పెరగలేదని ఆ పటం చూసి తీర్మానించేవారు, ఎన్నడూ ఒకే కాలంలో కలిసి లేని రెండు దృశ్యాలను పోల్చుతున్నారన్నమాట.

కాలం తరువాత స్కేలు. ఇక్కడ చిన్న లెక్క చాలా సంగతులు చెబుతుంది. పటం మీద అర మిల్లీమీటరు మందమున్న చుక్క, 1:62,500 స్కేలులో (పటం మీది ఒక పాలుకు నేల మీద 62,500 పాళ్లు) నేల మీద 31 మీటర్లకు సమానం, 1:24,000లో 12 మీటర్లు, ఆరంగుళాల పటంలో, అంటే 1:10,560లో, సుమారు 5 మీటర్లు, 1:2,500లో మీటరుంబావు. అందువల్ల 1:62,500 షీటులోని ఇంటి చదరం ఇంటి ఆకారం కాదు, అక్కడ ఒక ఇల్లు ఉందన్న సంకేతం మాత్రమే. పక్కపక్కన ఆరు గుడిసెలుంటే సర్వేయరు రెండే చదరాలు పెట్టి ఉండవచ్చు. దారిని దాని అసలు వెడల్పుకన్నా లావుగా గీయక తప్పదు కాబట్టి, దారిని ఆనుకుని ఉన్న ఇల్లు పటంలో పక్కకు జరుగుతుంది. ఇళ్ల సంఖ్య లెక్కపెట్టి, ఇంటికి ఐదుగురు చొప్పున జనాభా కట్టే పద్ధతి చిన్న స్కేలు పటాలకు పనికిరాదు. ఆ పని 1:2,500 పటంతో కొంతవరకు చేయవచ్చు. బ్రిటన్‌లో 1850ల నుంచి సాగు ప్రాంతాలకు తయారైన ఆ పటాల్లో ప్రతి పొలానికీ ఒక సంఖ్య, విస్తీర్ణం సైతం ఉంటాయి. అమెరికా టోపో పటాలు సాధారణంగా పొలం గట్లను పట్టించుకోవు. ఏ పటం దగ్గర ఏ ప్రశ్నకు జవాబు ఉందో ముందే తేల్చుకుంటే సగం శ్రమ తగ్గుతుంది.

రంగుల్లోనూ కాలం దాగి ఉంటుంది. తొలి అమెరికా షీట్లను మూడు రాగి పలకలతో అచ్చువేసేవారు: మనుషులు కట్టినవీ పేర్లూ నలుపు, నీరు నీలం, ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు రేఖలు గోధుమ. అడవికి ఆకుపచ్చ తరువాత వచ్చింది. కాబట్టి తొలి షీటులో ఆకుపచ్చ లేనంత మాత్రాన అక్కడ చెట్లు లేవని అర్థం కాదు, ఆ షీటుకు ఆ రంగే లేదు. ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాల షీట్లలో కనిపించే ఊదారంగు మరీ విలువైనది. పాత షీటును విమాన ఛాయాచిత్రాల ఆధారంగా సవరించి, నేల మీదికి వెళ్లి సరిచూడకుండానే ముద్రించినప్పుడు కొత్తగా చేర్చినవాటిని ఊదాలో చూపేవారు. నల్లని పల్లె మీద ఊదా రంగు రహదారి, ఊదా జలాశయం, ఊదా ఇళ్ల వరసలు పడిన షీటు అంటే రెండు కాలాలు ఒకే కాగితం మీద విడివిడిగా కనిపిస్తున్నట్లే. పోలికకు రెండో షీటు కూడా అక్కర్లేదు. అలాగే పట్టణాలకు లేత గులాబీ పూత పూసిన చోట విడివిడి ఇళ్లను గీయరు, ముఖ్య భవనాలనే గీస్తారు. పాత షీటులో ఇరవై చుక్కలున్న పల్లె కొత్త షీటులో గులాబీ పూత కింద మాయమైందంటే, ఇళ్లు పోయాయని కాదు, లెక్కకు అందనంతగా పెరిగాయని.

ఇక అసలు పఠనం. అమెరికా మధ్య, పశ్చిమ ప్రాంతాల షీట్లను పరిచి చూస్తే దారులు చదరంగపు బల్లలా నిలువుగా, అడ్డంగా పరుచుకుని ఉంటాయి. 1785 నాటి భూ శాసనం నేలను 6 మైళ్ల చదరపు టౌన్‌షిప్పులుగా, ఒక్కొక్కదాన్ని చదరపు మైలు చొప్పున 36 సెక్షన్లుగా విభజించింది. దారులు ఆ సెక్షన్ల హద్దుల వెంట పడ్డాయి. సెక్షను అంటే 640 ఎకరాలు. 1862 నాటి హోంస్టెడ్ చట్టం ఒక్కో కుటుంబానికి 160 ఎకరాలు ఇచ్చింది కాబట్టి, ఆ చట్టం కింద నిండిన నేలలో చదరపు మైలుకు నాలుగు ఇళ్ల చొప్పున చుక్కలు కనిపించాలి. కొన్ని దశాబ్దాల తరువాతి షీటులో అదే చదరపు మైలులో ఒకటో రెండో చుక్కలు మిగిలి ఉంటే, పక్క పొలాన్ని కొని కమతాన్ని పెంచుకున్నవారెవరు, అమ్ముకుని వెళ్లినవారెవరు అన్న ప్రశ్న పుడుతుంది. జవాబు భూమి దస్తావేజుల్లో ఉంటుంది. 1935లో అమెరికాలో దాదాపు 68 లక్షల కమతాలుండేవి, 2022 వ్యవసాయ గణనలో అవి సుమారు 19 లక్షలు. ఆ రెండు అంకెల మధ్య జరిగినదంతా టోపో పటంలో ఒక్కొక్క చుక్కగా రాలిపోతూ కనిపిస్తుంది. ఆ నేలకు ఒక ఊరు కేంద్రంగా ఉండటం తప్పనిసరి కాదని కూడా ఈ చుక్కలే చెబుతాయి: నాలుగు దారులు కలిసే చోట ఒక బడి, ఒక చర్చి, ఒక అంగడి ఉంటే, చుట్టూ మూడు నాలుగు మైళ్ల మేర విడివిడిగా బతికే కుటుంబాలకు అదే ‘ఊరు’.

ఆ కూడలి ఎలా చెదిరిపోయిందో చెప్పే ఆనవాళ్లలో బడి, తపాలా కార్యాలయం ముఖ్యమైనవి. పిల్లలు నడిచి వెళ్లగలిగిన దూరాన్ని బట్టి బడులు పుట్టాయి కాబట్టి, పాత షీటులో జెండా గుర్తుల మధ్య దూరం కొలిస్తే ఆ కాలపు పిల్లల నడక దూరం తెలుస్తుంది. 1910ల చివరలో అమెరికాలో దాదాపు 1,90,000 ఒంటి గది బడులుండేవి. మోటారు బస్సులు వచ్చి, బడులను కలిపేసే విధానం బలపడిన కొద్దీ కొత్త కూర్పుల్లో జెండాలు తగ్గిపోయాయి; చాలా చోట్ల జెండా పోయి చదరం మాత్రం మిగిలింది, అంటే కట్టడం ఉంది, బడి లేదు. తపాలా సంగతి ఇంకా ఆసక్తికరం. 1901లో అమెరికాలో 76,945 తపాలా కార్యాలయాలుండేవి, అది వాటి గరిష్ఠ సంఖ్య. 1896లో ప్రయోగంగా మొదలై 1902లో శాశ్వతమైన గ్రామీణ ఉచిత బట్వాడా పద్ధతి ఉత్తరాన్ని నేరుగా రైతు గడపకు చేర్చింది, దాంతో అంగడి మూలలో నడిచే చిన్న తపాలా కార్యాలయాల అవసరం తీరిపోయింది. కార్యాలయం మూతపడితే ఆ చోటుకు అధికారిక పేరు ఉండవలసిన అవసరమూ పలచబడుతుంది. 1890ల షీటులో పేరుతో ఉన్న కూడలి 1940ల షీటులో పేరులేని కూడలిగా కనిపిస్తే, ఏదో ఉపద్రవం ఊరిని తుడిచిపెట్టిందని ఊహించనక్కర లేదు. జనం అక్కడే ఉండి ఉండవచ్చు. ఉత్తరాల సంచి దారి మారి ఉండవచ్చు.

తొలి అమెరికా షీట్లకు మరో ప్రత్యేక విలువ ఉంది. 1890 జనాభా లెక్కల వ్యక్తిగత పత్రాలలో అత్యధిక భాగం 1921 జనవరిలో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదం వల్ల, ఆ తరువాత పాడైనవాటిని పారేయడం వల్ల దక్కకుండా పోయింది. 1880 నుంచి 1900 దాకా ఇరవై ఏళ్లపాటు గ్రామీణ కుటుంబాల జాడ తెలియని ఆ ఖాళీ సరిగ్గా తొలి తరం టోపో షీట్లు తయారైన కాలం. పటం పేర్లు చెప్పదు, కానీ ఫలానా లోయలో అప్పటికి ఇళ్లు ఎంత ఎగువకు పాకాయో చెబుతుంది. 1880 పత్రంలో లేని, 1900 పత్రంలో ఉన్న కుటుంబం ఏ దశలో వచ్చి ఉంటుందో అంచనా వేయడానికి ఆపాటి ఊతం కూడా తక్కువేమీ కాదు.

చుక్కల మీద నిలిచే చూపు కాంటూరు రేఖల మీద నిలవదు, ఊరు అక్కడే ఎందుకు పుట్టిందో చెప్పేవి అవే అయినా. రేఖలు దూరం దూరంగా సాగుతున్న మెట్ట చివర, అవి ఒక్కసారిగా దగ్గరపడి వాలు మొదలయ్యే చోట ఊటలు బయటపడతాయి. ఆ ఊటల వరస వెంట ఇళ్ల వరస ఉండటం చాలా దేశాల్లో కనిపించే అమరిక. వాగును కాంటూరు రేఖలు దగ్గరదగ్గరగా దాటే చోట నీరు దిగే ఎత్తు ఎక్కువ, కాబట్టి నీటిమరలు అక్కడే వెలిశాయి. పాత దారులు లోయ అడుగున కాక గుట్టల వీపు మీద సాగడానికి కారణం లోయలో బురద, వరద. కల్వర్టులు, వంతెనలు వచ్చాకే దారులు కిందికి దిగాయి. గుట్ట మీద ఒంటరిగా మిగిలిన చర్చి, దాని సమాధుల తోట, పాత దారి గుట్ట మీదుగా నడిచిన రోజులకు చెందినవి కావచ్చు. భారతీయ షీట్లలో చెరువు కట్ట పక్కన కనిపించే అంకె, దాని తరువాతి చిన్న అక్షరం కలిసి ఆ కట్ట పక్క నేలకన్నా ఎంత ఎత్తో చెబుతాయి. రెండు కూర్పుల్లో ఆ అంకె మారితే కట్టను ఎత్తు చేశారనో, లేదా పూడిక వల్ల పక్క నేల పెరిగిందనో ఆలోచించవచ్చు. ఫుటు నుంచి మీటరుకు మారిన కూర్పు కాదని ముందు నిర్ధారించుకుంటే చాలు. అయితే కాంటూరు రేఖలన్నిటినీ ఒకేలా నమ్మరాదు. తొలి షీట్లలో కొన్ని ఎత్తులనే నిక్కచ్చిగా కొలిచి, మధ్యలోని రూపాన్ని ప్లేన్ టేబుల్ (పటం గీసే ముక్కాలి బల్ల) దగ్గర నిలబడి కంటి అంచనాతో గీశారు. విమాన ఛాయాచిత్రాల నుంచి రేఖలు తీసే పద్ధతి 1930ల తరువాత స్థిరపడింది. రెండు షీట్ల మధ్య కొండ ‘కదిలితే’ కదిలినది కొండ కాదు, కొలిచే పద్ధతి.

పోలిక ఎంత దూరం తీసుకువెళ్లగలదో ఐర్లండు చూపిస్తుంది. ఆ దేశపు తొలి ఆరంగుళాల పటాలు 1846 నాటికి పూర్తిగా వెలువడ్డాయి, అంటే వాటి కొలత అంతా 1845లో మొదలైన మహాక్షామానికి ముందే ముగిసింది. 1841లో దాదాపు 82 లక్షలున్న జనాభా 1851కి 65.5 లక్షలకు పడిపోయింది. కొందరు ఆకలికీ జ్వరాలకూ బలయ్యారు, ఇంకొందరు ఓడలెక్కారు. యాదృచ్ఛికంగానే అయినా, మునిగిపోబోయే లోకం తాలూకు ఇంటింటి పటం ముందే తయారై ఉంది. 1887 నుంచి 1913 వరకు తయారైన 1:2,500 పటాలను దాని పక్కన పెడితే, పశ్చిమ తీరంలో గుంపులు గుంపులుగా ఉన్న చిన్న ఇళ్ల సముదాయాలు అనేకం లేవు. వాటి చుట్టూ ముక్కలు ముక్కలుగా ఉన్న ఉమ్మడి సాగు నేల పోయి, కొండ మీద నుంచి సముద్రం వైపు నిచ్చెన మెట్లలా సాగే పొడుగు చీలికల పొలాలు, ఒక్కో చీలికకు ఒక్కో ఇల్లు వచ్చాయి. రెండు పటాల మధ్య తేడా అంతా క్షామం పనేనని చెప్పడానికి లేదు. భూస్వాములు ఉమ్మడి సాగును రద్దు చేసి పొలాలను సరిచేయడం క్షామానికి ముందే మొదలైంది, పేద పశ్చిమ జిల్లాల కోసం 1891లో ఏర్పడిన కంజెస్టెడ్ డిస్ట్రిక్ట్స్ బోర్డు కూడా ఆ పనిని కొనసాగించింది. ఏ గుంపు ఎప్పుడు, ఎందుకు చెదిరిందో తేల్చడానికి కౌలు పత్రాలు, భూమి విలువ పుస్తకాలు తెరవక తప్పదు. పటం చేసే మేలు ఏమిటంటే, ఏ చోటు గురించి ఆ పుస్తకాలు తెరవాలో చూపడం.

స్కాట్లండు ఎత్తైన ప్రాంతాల్లో ఒకే షీటుతోనే ఇంత చెప్పవచ్చు. గొర్రెల మేపు కోసం భూస్వాములు రైతు కుటుంబాలను ఖాళీ చేయించిన తరువాత ఆర్డ్‌నెన్స్ సర్వే ఆరంగుళాల పటాలు తయారయ్యాయి. స్ట్రాత్‌నేవర్ లోయలోని రోసల్ పల్లె 1814–1818 మధ్య ఖాళీ అయినదే. పైకప్పు ఉన్న కట్టడాన్ని నింపి, పైకప్పు లేనిదాన్ని ఉత్త గీతల చట్రంగా గీయడం ఆ సర్వే నియమం. వాగు పక్కన ఖాళీ చట్రాలు గుంపుగా కనిపిస్తే, సర్వేయరు వచ్చేసరికి గోడలు నిలిచి ఉన్నాయి, కప్పు లేదు, పొయ్యి వెలగడం లేదు. మన రెవెన్యూ పరిభాషలో జనం లేని గ్రామాన్ని ‘బేచిరాగ్’ అంటారు, అంటే దీపం లేనిదని. స్కాటిష్ సర్వేయరు కలానికి ఆ మాట తెలియకపోయినా గీతతో సరిగ్గా అదే రాశాడు. 1990లలో స్కాట్లండు పురావస్తు సంస్థలు తొలి కూర్పు షీట్లన్నిటినీ గాలించి, ఈ కప్పులేని కట్టడాలను ఒక జాబితాకెక్కించే పని చేపట్టడం వెనుక ఉన్నది ఈ చిన్న చిత్రణ నియమమే.

పేర్లు కట్టడాలకన్నా ఎక్కువ కాలం బతుకుతాయి. కొలిమి చల్లారిన వందేళ్లకు కూడా వాగు ‘కొలిమి వాగు’గానే ఉంటుంది, సున్నపు బట్టీ కూలినా దారి దాని పేరుతోనే సాగుతుంది. అయితే పేరు కూడా సర్వేయరు చెవి మీదుగా, ఆ తరువాత ఒక కార్యాలయం మీదుగా ప్రయాణించి పటం ఎక్కుతుంది. ఐర్లండులో 60,000కు పైగా ఉన్న, అతి చిన్న భూవిభాగాలైన టౌన్‌లాండ్ల పేర్లను జాన్ ఓ డోనవన్ వంటి పండితులు ఊరూరా అడిగి, పాత పత్రాలతో సరిపోల్చి పుస్తకాల్లో రాశారు. పటం మీద ముద్రించినది మాత్రం ఇంగ్లీషు వర్ణక్రమానికి మలిచిన రూపాన్ని. కాబట్టి అక్కడ పటంలోని పేరుకన్నా పేర్ల పుస్తకంలోని పుట విలువైనది. అమెరికాలో 1890లో ఏర్పడిన భౌగోళిక నామాల బోర్డు ఒకే చోటుకు ఒకే పేరు ఉండాలని నిశ్చయించి, ‘ఫలానావారి’ అన్న సంబంధాన్ని సూచించే అపాస్ట్రఫీ చిహ్నాన్ని తీసేసింది, ‘బర్గ్’ చివరన ఉన్న ‘హెచ్’ అక్షరాన్ని కత్తిరించింది. వర్ణక్రమం మారినంత మాత్రాన ఊరి యజమాని మారలేదన్న ఎరుక లేకపోతే, పాత షీటులోని పేరుకూ కొత్త షీటులోని పేరుకూ మధ్య లేని కథ ఒకటి పుట్టుకొస్తుంది. దీనికి మరో ముఖం ఉంది. నల్లజాతివారిని కించపరిచే పదమున్న పేర్లను 1963లో, స్థానిక తెగల స్త్రీలను అవమానించే పదమున్న దాదాపు 650 పేర్లను 2022లో అధికారికంగా మార్చారు. ఆ మార్పు న్యాయమైనదే. అయినా పాత షీట్లు అందుబాటులో ఉండటమూ అవసరమే, ఎందుకంటే ఒక గుట్ట దగ్గర నల్లజాతి కుటుంబాల పల్లె ఒకటి ఉండేదనడానికి కొన్ని చోట్ల మిగిలిన తొలి ఆచూకీ, పొరుగువారు పెట్టిన ఆ అవమానకరమైన పేరే.

పటంలో లేనిదాన్ని బట్టి తీర్మానాలు చేయడం గురించి గట్టిగానే చెప్పవలసి ఉంది. ఒక కట్టడం పటంలో ఉంటే, ఆ సర్వే నాటికి అది ఉన్నదనడానికి మంచి సాక్ష్యం. లేకపోతే అది లేదనడానికి చాలా బలహీనమైన సాక్ష్యం. కౌలు కూలీల గుడిసెలు, కలప కోసేవారి శిబిరాలు, కోత కాలంలో మాత్రమే నిలిచే పాకలు సర్వేయరుకు ‘శాశ్వత కట్టడం’ అన్న నిర్వచనంలోకి రాకపోవచ్చు. ఊరి అంచున, దారికి దూరంగా ఉండేవారి ఇళ్లను అతడు చూడకపోయి ఉండవచ్చు, చూసినా వదిలేసి ఉండవచ్చు. స్థానిక తెగల ఋతువారీ నివాసాలు తొలి అమెరికా షీట్లలో దాదాపు కనిపించవు. పెద్ద ఇల్లు, చర్చి, మిల్లు పటంలో కచ్చితంగా ఉంటాయి, పేదవాడి గుడిసె కొన్నిసార్లే ఉంటుంది. ఆ వంపును లెక్కలోకి తీసుకోకుండా రాసిన ఊరి చరిత్ర, ఊరిలో కలిగినవారి చరిత్రగా తేలుతుంది. సైనిక గోప్యత కోసం కావాలని వదిలేసిన కట్టడాలు ఈ జాబితాకు అదనం.

ఈ షీట్లు దొరకడం ఇప్పుడు కష్టం కాదు. అమెరికా భూగర్భ సర్వే 1884 నుంచి 2006 వరకు తాను ప్రచురించిన లక్షా డెబ్బై వేలకు పైగా షీట్లను స్కాన్ చేసి ‘టోపోవ్యూ’లో ఉచితంగా ఉంచింది, స్కాట్లండు జాతీయ గ్రంథాలయం పాత బ్రిటిష్ షీటును, నేటి ఉపగ్రహ చిత్రాన్ని ఒకే తెర మీద పక్కపక్కన చూసే వీలు కల్పించింది. పాత షీటును క్యూజీఐఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నేటి పటం మీద కూర్చోబెట్టేటప్పుడు, చోటు మారని గుర్తులను ఆధారాలుగా తీసుకోవాలి: చర్చి, పాత వంతెన, రైలు మార్గం దారిని దాటే చోటు. వాగు మలుపులు అందుకు పనికిరావు, వాగు కదులుతుంది. ఫ్రెంచి పాత పటాల్లో రేఖాంశాలు గ్రీనిచ్ నుంచి కాక ప్యారిస్ నుంచి, అంటే 2 డిగ్రీల 20 నిమిషాల తేడాతో లెక్కించినవి. అమెరికా ప్రధాన భూభాగంలో, స్థానాలను లెక్కించే ఆధార చట్రాలైన 1927 నాటి డేటమ్‌కూ 1983 నాటి డేటమ్‌కూ మధ్య స్థానాలు ప్రాంతాన్ని బట్టి పది నుంచి వంద మీటర్ల వరకు జరుగుతాయి. తడిసి ఆరిన కాగితం అన్ని వైపులా ఒకేలా ముడుచుకోదు. ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా 1:62,500 షీటులోని ఇంటి చుక్కకు నేల మీద ముప్పై నలభై మీటర్ల అటూఇటూ చోటు ఇవ్వడం మంచిది.

పటం చెప్పినదాన్ని కాలపు హద్దుల మధ్య రాయడం ఈ పనిలో అలవరచుకోవలసిన పద్ధతి. ‘బడి 1940లో మూతపడింది’ అని కాక, ‘1891 సర్వేలో ఉంది, 1941 సర్వేలో లేదు, కాబట్టి ఈ యాభై ఏళ్ల మధ్య మూతపడింది’ అని రాస్తే, తరువాత దొరికే బడి పద్దు ఆ హద్దులను దగ్గరకు జరుపుతుంది. రెండు షీట్ల నకళ్లను పెద్దగా అచ్చువేసి ఊరి వృద్ధుల ముందు పరిస్తే ఇంకా జరుగుతాయి. చిన్నప్పుడు ఎక్కడ బడికి వెళ్లారని అడిగినప్పుడు గుర్తుకు రానివి, పటం మీద వేలు పెట్టి దారి వెంట నడిచేటప్పుడు వరసగా గుర్తుకొస్తాయి. ఆ జ్ఞాపకం తప్పు కావచ్చు. దాన్నీ షీటుతో సరిచూడాలి.

అలా సరిచూడటం అందరూ నమ్మే కథనాన్ని ఎలా మార్చగలదో మసాచుసెట్స్‌లోని క్వాబిన్ జలాశయం చెబుతుంది. బోస్టన్ నగరానికి నీరు అందించడం కోసం స్విఫ్ట్ నది లోయలోని డేనా, ఎన్‌ఫీల్డ్, గ్రీనిచ్, ప్రెస్కాట్ అనే నాలుగు పట్టణ ప్రాంతాలను 1938 ఏప్రిల్ 28న అధికారికంగా రద్దు చేశారు. దాదాపు 2,500 మంది కదిలారు, 7,500కు పైగా సమాధులను తవ్వి కొత్త శ్మశానానికి మార్చారు. 1939లో నిండడం మొదలైన జలాశయం 1946లో నిండింది. ఈ నాలుగింటినీ ‘మునిగిన ఊళ్లు’ అనడం పరిపాటి. పాత టోపో షీటును తీసుకుని, జలాశయపు నిండు మట్టమైన 530 అడుగుల ఎత్తు వెంట కాంటూరు రేఖల మధ్య ఒక గీత గీస్తూ పోతే ఎన్‌ఫీల్డ్ ఇళ్లు, లోయలో సాగిన రైలు మార్గం గీతకు దిగువన పడతాయి. ప్రెస్కాట్‌లో చాలా భాగం గీతకు ఎగువన ద్వీపకల్పంగా మిగులుతుంది. డేనా గ్రామ మధ్య మైదానం, దాని చుట్టూ ఉన్న చదరాలు పూర్తిగా ఎగువనే ఉన్నాయి. అక్కడికి నీరు ఎన్నడూ రాలేదు. తాగునీటిలోకి మురుగు చేరకూడదని పరివాహక ప్రాంతమంతా ఖాళీ చేయించి కట్టడాలను కూల్చారు. ఇప్పుడు ఆ మైదానం చుట్టూ గడ్డిలో రాతి గోడల నేలమాళిగ గుంతలు కనిపిస్తాయి.